ఫొటో కింద పేరు

(విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు రాసేవారి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? సరే.

ముందు ఈ కాగితం ముక్క చూడండి. అరచేతిలో పట్టేంత న్యూస్ పేపర్ కటింగ్. పసుపు రంగుకి తిరిగింది, మడత దగ్గర చిరిగింది. ఒక ప్రెస్ ఫొటోగ్రాఫర్‌కి అవార్డు వచ్చిందన్న వార్త ఇది. ఇంట్లో వాళ్లు ఎన్నో ఏళ్లు భద్రంగా దాచుకున్నారు. ఆల్బమ్‌లో చక్కగా ఇమడాలని చుట్టూ అంచులు కత్తిరించేశారు. దాంతో పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు, పైన ఉన్న హెడ్డింగ్‌తో సహా అన్నీ పోయాయి. వాళ్ల దృష్టిలో ఇది తిరుగులేని ఆధారం. మన వ్యాసానికి మాత్రం సగం ఆధారం కూడా కాదు, ఎందుకంటే చదివేవాడు దీన్ని వెతుక్కుంటూ వెళ్లడానికి అడ్రసు లేదు. ఈ ముక్క సంగతి చివర్లో మళ్లీ చెప్తాను, దీనికో కథ ఉంది.

ఆ ఫొటోగ్రాఫర్ మీద వికీపీడియాలో నేనే వ్యాసం రాశాను. 31 మూలాలు ఇచ్చాను. అంత పెద్ద వ్యాసం రాయడం అదే మొదటిసారి, కాలరెగరేసుకుని కూర్చున్నాను. వారం తిరక్కుండా తొలగింపు చర్చ మొదలైంది. అనుభవమున్న ఒక వాడుకరి ఆ 31 మూలాలూ ఓపిగ్గా తెరిచి చూసి, చర్చా పేజీలో ఒకే ఒక్క వాక్యం రాశారు: వీటిలో 28 ఆయన తీసిన ఫొటోలున్న వార్తలు, ఆయన గురించిన వార్తలు కావు. నాకు ఒళ్లు మండింది. పేపర్లో ఇన్నిసార్లు పేరొచ్చిన మనిషి ప్రముఖుడు కాకపోతే ఇంకెవరు ప్రముఖులని గట్టిగానే తగువుపడ్డాను. రెండు రోజులు పోయాక నింపాదిగా చదువుకుంటే ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు.

ఒక్కసారి ఆలోచించండి. ప్రెస్ ఫొటోగ్రాఫర్ పేరు పేపర్లో పడినన్నిసార్లు మంత్రుల పేర్లు కూడా పడవేమో. కానీ ఆ పేరు మనకి చెప్పేదెంత? ఫలానా రోజున ఫలానా చోట ఈయన ఉన్నాడు, షట్టర్ నొక్కాడు. అంతే. ఎక్కడ పుట్టాడు, పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఆ ఫొటోని జనం ఎందుకు గుర్తుపెట్టుకున్నారు, ఇవేవీ ఫొటో కింద పేరు వేసే క్రెడిట్ లైన్లో ఉండవు. రచయితకి సమీక్షలుంటాయి, నటుడికి ఇంటర్వ్యూలుంటాయి. ఫొటోగ్రాఫర్ ఎప్పుడూ కెమెరాకి వెనకవైపే ఉంటాడు. అందరి గురించీ నాలుగు ముక్కలు రాసే పత్రిక ఆయన గురించి రాసేది చాలాసార్లు ఆయన పోయినప్పుడే.

అందుకని వికీపీడియా అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. ఈ మనిషితో సంబంధం లేనివాళ్లు, నమ్మదగిన చోట, ఈ మనిషి గురించి కాస్త వివరంగా రాశారా? ఇంగ్లీషు వికీపీడియాలో ఫొటోగ్రాఫర్లకి, చిత్రకారులకి, రచయితలకి ఇంకో దారి కూడా ఉంది. తోటివాళ్లు వాళ్ల పనిని విస్తృతంగా ఉటంకించినా, ముఖ్యమైన ప్రదర్శనలో గణనీయమైన భాగం వాళ్లదైనా, పేరున్న మ్యూజియంల శాశ్వత సేకరణల్లో వాళ్ల ఫొటోలున్నా లెక్కలోకి వస్తుంది. కాబట్టి మీరు గూగుల్లో పేరు కొట్టి వచ్చిన వంద లింకులు పోగేసేకన్నా, మ్యూజియం కేటలాగులో ఒక్క ఎంట్రీ పట్టుకుంటే మేలు. నా 31 మూలాల్లో అలాంటిది ఒక్కటీ లేదు. వ్యాసం తొలగించలేదు గానీ, 14 పేరాలు కాస్తా ఐదు వాక్యాలయ్యాయి. ఇప్పటికీ దాదాపు అంతే ఉంది. నిజం చెప్పాలంటే ఆ ఐదు వాక్యాలే బాగున్నాయి.

అయితే క్రెడిట్ లైన్ పనికిరాదా అంటే, ఒక్కదానికి పనికొస్తుంది. ఈ ఫొటో ఈయనది అని పత్రిక చెప్పింది, అని రాయడానికి. అక్కడ కూడా జాగ్రత్త కావాలి. ఫొటో ఎవరిదన్నది మనం అనుకునేంత తేలిక వ్యవహారం కాదు.

హోమాయ్ వ్యారావాలా సంగతే తీసుకోండి. 1913లో నవసారిలో పుట్టారు, భారతదేశపు తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్‌గా చరిత్రలో నిలిచారు, 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. తొలిరోజుల్లో ఆమె ఫొటోలు అచ్చయింది భర్త మానెక్‌షా పేరుతో. ఆనాటి పత్రిక తెరిచి క్రెడిట్ చూసి రాస్తే, ఆమె పనిని ఆయన ఖాతాలో వేసినట్టే. ఇలాంటి చోట పాత పత్రిక కన్నా, తర్వాత ఆమె ఆర్కైవ్ మీద పనిచేసిన పరిశోధకుల మాటే గట్టి మూలం. ఇంకో చిన్న ముచ్చట. ఆమెకి డాల్డా 13 అనే మారుపేరుంది. కారు నంబరు డీఎల్‌డీ 13 అనీ, పుట్టింది 1913 అనీ, భర్తను కలిసింది 13వ ఏట అనీ దాని వెనకున్న వివరణ. ముచ్చటగా ఉంది కదా. ముచ్చటగా ఉన్నవాటిని ఎవరు చెప్పారో చూసుకుని, ఆ చెప్పినవాళ్ల పేరుతోనే రాయండి.

యుద్ధాల ఫొటోలకి పేరుపడ్డ రాబర్ట్ కాపా అన్నది కూడా పుట్టుకతో వచ్చిన పేరు కాదు. బుడాపెస్ట్‌లో పుట్టిన ఎండ్రె ఫ్రీడ్‌మన్ ఆయన. మొదట్లో ఆ పేరుని ఆయన, తోటి ఫొటోగ్రాఫర్ గెర్డా టారో కలిసి వాడుకున్నారు. టారో 1937 జులైలో స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫొటోలు తీస్తూ గాయపడి చనిపోయింది. ఆ తర్వాత ఆమె ఫొటోలు చాలావాటికి కాపా పేరే మిగిలింది. మెక్సికోలో బయటపడ్డ నెగెటివ్‌ల పెట్టెలు 2007 చివర్లో న్యూయార్క్‌లోని ఇంటర్నేషనల్ సెంటర్ ఆఫ్ ఫొటోగ్రఫీకి చేరాయి. కాపా, టారో, డేవిడ్ సీమోర్ ముగ్గురివీ కలిపి సుమారు 4,500 నెగెటివ్‌లు. అవి వచ్చాక కొన్ని ఫొటోల మీద పేర్లు మార్చాల్సి వచ్చింది. కాబట్టి కాపా మీద 1980ల నాటి పుస్తకం ఎంత మంచిదైనా, ఈ ఒక్క విషయంలో 2007 తర్వాతి మూలం చూడక తప్పదు.

భోపాల్ ఫొటో సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1984 డిసెంబరు గ్యాస్ దుర్ఘటనలో చనిపోయిన పసిబిడ్డను పూడ్చిపెడుతున్న దృశ్యం. రఘు రాయ్ తీసింది బ్లాక్ అండ్ వైట్, పాబ్లో బార్తొలొమ్యూ తీసింది కలర్. ప్రెస్ ఫొటోలకి ఏటా అవార్డులిచ్చే వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ ఆ ఏటి ఉత్తమ చిత్రంగా ఎంచుకున్నది రెండోది. నెట్‌లో ఒకరి ఫొటో కింద ఇంకొకరి పేరు, ఒకరి అవార్డు ఇంకొకరి ఖాతాలో, ఎన్నిసార్లు చూశానో. రాసేవాళ్లు వరల్డ్ ప్రెస్ ఫొటో ఆర్కైవ్ ఒక్కసారి తెరిచి ఉంటే సరిపోయేది.

అన్నిటికన్నా కష్టమైన ఉదాహరణ ఇప్పుడు చెప్తాను, కాస్త నిదానంగా చూద్దాం. 1972 జూన్ 8, దక్షిణ వియత్నాంలో ట్రాంగ్ బాంగ్. నాపామ్ అనే మంటల బాంబుల దాడిలో ఒళ్లు కాలి రోడ్డు మీద పరిగెత్తుతున్న చిన్నారి ఫొటో. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ దాన్ని నిక్ ఉట్ పేరుతో విడుదల చేసింది. 1973లో, అమెరికాలో జర్నలిజానికిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది, వరల్డ్ ప్రెస్ ఫొటో అవార్డూ వచ్చింది. యాభై ఏళ్లు ఇందులో వివాదం లేదు. 2025 జనవరిలో ప్రదర్శించిన ఒక డాక్యుమెంటరీ, ఆ ఫొటో తీసింది ఉట్ కాదు, గుయెన్ థాన్ న్గె అనే ఫ్రీలాన్సర్ అని వాదించింది. ఉట్ ఆ వాదనను ఖండించారు. అసోసియేటెడ్ ప్రెస్ సొంతంగా విచారణ చేసి, క్రెడిట్ మార్చడానికి తగినంత ఆధారం లేదని మే నెలలో నివేదిక ఇచ్చింది, ఉట్ పేరే ఉంచింది. అదే నెలలో వరల్డ్ ప్రెస్ ఫొటో మాత్రం తన రికార్డుల్లో ఆ ఫొటో మీద ఉట్ క్రెడిట్‌ను సస్పెండ్ చేసింది. ఫొటోకిచ్చిన అవార్డు అలాగే ఉంది.

ఇప్పుడు మీ వ్యాసంలో ఏమని రాస్తారు? ఫొటో తీసింది ఉట్ అని ఖాయంగా రాస్తే ఒక పక్షం తీసుకున్నట్టు. ఉట్ కాదని రాస్తే ఇంకో పక్షం, పైగా బతికున్న మనిషి మీద అభాండం. చేయగలిగింది ఒక్కటే. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో విడివిడిగా రాసి, ఒక్కోదానికి దాని మూలం దాని పక్కనే పెట్టాలి. పేరా చివర నాలుగు మూలాలు గుత్తిగా వేలాడదీస్తే ఏ మాట ఎవరిదో పాఠకుడికి తెలియదు.

ఇక్కడే మన భాషలో క్రియాపదాలు ఎంత పని చేస్తాయో గమనించండి. 'అన్నారు' అంటే అన్నారంతే. 'వెల్లడించారు' అన్నామంటే, అది నిజమేననీ ఇన్నాళ్లూ దాచారనీ మనమే ఒప్పేసుకున్నట్టు. 'ఒప్పుకున్నారు' అంటే తప్పు చేసినట్టు. 'బయటపడింది' అంటే కేసు తేలిపోయినట్టు. 'చెప్పుకొచ్చారు' అంటే కొంచెం వెటకారం తగులుతుంది. పేపర్ భాష మనకి అలవాటైపోయి ఇవన్నీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. వివాదం ఉన్నచోట 'అన్నారు', 'వాదించారు', 'ఖండించారు' ఈ మూడింటితో సరిపెట్టుకుంటే నష్టమేమీ లేదు. చప్పగా ఉంటుందంటారా? ఉండనివ్వండి.

బతికున్నవాళ్ల విషయంలో వికీపీడియా ఎందుకంత పట్టుదలగా ఉంటుందో కూడా చెప్పాలి. 2005లో జాన్ సైగెంథాలర్ అనే అమెరికన్ జర్నలిస్టు వ్యాసంలో, కెనెడీ సోదరుల హత్యలతో ఆయనకి సంబంధం ఉందని అనుమానించారంటూ ఎవరో సరదాకి రాశారు. నాలుగు నెలలకి పైగా ఎవరూ పట్టుకోలేదు. ఆయనే ఆ సంగతి పత్రికలో రాశాక పెద్ద దుమారం రేగింది. బతికున్నవారి జీవిత చరిత్రల మీద ప్రత్యేకమైన నియమాలు ఆ తర్వాతే వచ్చాయి. మూలం లేని వివాదాస్పద వాక్యం కనిపిస్తే 'ఆధారం చూపాలి' అని చీటీ అంటించి ఊరుకోకూడదు, వెంటనే తీసెయ్యాలి.

అవార్డుల గురించి త్వరగా చెప్పేస్తాను. అవార్డుకి మూలం ముందుగా అవార్డు ఇచ్చినవాళ్ల జాబితా, తర్వాతే పత్రిక. రాయిటర్స్ వార్తా సంస్థలో పనిచేసిన మన ఫొటోగ్రాఫర్ డానిష్ సిద్దికి పులిట్జర్ గెలిచారని అందరం రాస్తాం. 2018లో ఫీచర్ ఫొటోగ్రఫీ పులిట్జర్ రోహింగ్యా శరణార్థుల ఫొటోలకి రాయిటర్స్ ఫొటోగ్రఫీ సిబ్బంది మొత్తానికి వచ్చింది. ఆయన ఆ బృందంలో ఒకరు. 2021 జులై 16న ఆఫ్ఘనిస్తాన్‌లో స్పిన్ బోల్డక్ దగ్గర చనిపోయారు. 2022లో అద్నాన్ ఆబిది, సనా ఇర్షాద్ మట్టూ, అమిత్ దవేలతో కలిపి మరణానంతరం మళ్లీ ఇచ్చారు. 'బృందంలో సభ్యుడిగా' అన్న ఒక్క మాట చేర్చినంత మాత్రాన ఆయన గొప్పతనం తగ్గదు, వాక్యం మాత్రం నిజమవుతుంది.

ఏడాదులతో ఇంకో తలనొప్పి. వియత్నాం యుద్ధంలో ఖైదీని నడివీధిలో కాల్చిచంపుతున్న సైగాన్ ఫొటోని ఎడ్డీ ఆడమ్స్ 1968లో తీశాడు, పులిట్జర్ 1969లో వచ్చింది. ఫొటో ఏడాది వేరు, అవార్డు ఏడాది వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవో జిమా దీవిలో అమెరికా సైనికులు జెండా ఎత్తుతున్న జో రోసెంతాల్ ఫొటోకి మాత్రం రెండూ 1945లోనే. విభాగాల పేర్లూ మారాయి. పులిట్జర్‌లో ఫొటోగ్రఫీ విభాగం 1942లో మొదలైంది, 1968లో స్పాట్ న్యూస్, ఫీచర్ అని రెండయింది, స్పాట్ న్యూస్ కాస్తా 2000లో బ్రేకింగ్ న్యూస్ అయింది. రోసెంతాల్‌కి బ్రేకింగ్ న్యూస్ పులిట్జర్ వచ్చిందని రాస్తే అప్పటికి లేని విభాగంలో ఇచ్చినట్టు. ఇక 'పులిట్జర్‌కి నామినేట్ అయ్యారు' అన్న మాట కనపడితే అనుమానించండి. ఎంట్రీ పంపడం ఎవరైనా పంపొచ్చు. పులిట్జర్ వాళ్లు లెక్కలోకి తీసుకునేది విజేతలను, ఫైనలిస్టులను మాత్రమే.

ఆ రోసెంతాల్ ఫొటోలో జెండా ఎత్తుతున్న ఆరుగురిలో ఒకరి పేరును అమెరికా మెరైన్ కోర్ 2016లో సరిదిద్దింది, 2019లో ఇంకొకరిది. తీసిన డెబ్బై ఏళ్ల తర్వాత! కాబట్టి క్యాప్షన్ మీద ఆధారపడేటప్పుడు ఆ క్యాప్షన్ ఎప్పటిదో కూడా చూడాలి. ఏజెన్సీ వెబ్‌సైట్లో ఫొటో ఫైల్ లోపల ఐపీటీసీ సమాచారం అని ఉంటుంది. తీసినవారి పేరు, తేదీ, స్థలం, వివరణ అందులో నింపుతారు. పనికొచ్చే సమాచారమే. అయితే దాన్ని నింపింది కూడా రాత్రి డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్న మనిషే అని మరవకండి.

దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్ కెవిన్ కార్టర్ గురించి చెప్పకుండా ఉండలేను. 1993లో సూడాన్‌లో రాబందు, పసిబిడ్డ ఫొటో తీశాడు, 1994లో పులిట్జర్ వచ్చింది, అదే ఏడాది జులైలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ బిడ్డను కాపాడలేదన్న బాధతోనే చనిపోయాడని మన ఫోన్లలో తిరిగే కథ. ఆయన చివరి ఉత్తరంలో డబ్బు ఇబ్బందులున్నాయి, కళ్లారా చూసిన హత్యల జ్ఞాపకాలున్నాయి, కొన్ని నెలల ముందు కాల్పుల్లో చనిపోయిన స్నేహితుడు కెన్ ఊస్టర్‌బ్రూక్ ప్రస్తావన ఉంది. చాలా కథల్లో ఆ బిడ్డ ఆడపిల్ల, అక్కడే చనిపోయింది. 2011లో ఒక స్పెయిన్ పత్రిక ఆ కుటుంబాన్ని వెతికి పట్టుకుంటే, బిడ్డ మగపిల్లవాడనీ, ఆ కరువును దాటి బతికాడనీ తండ్రి చెప్పాడు. ఒక మనిషి చావుకి ఒకే ఒక్క కారణాన్ని అంటగట్టే వాక్యం మీ వ్యాసంలో ఉంటే, దాని మూలం ఇంకోసారి తెరిచి చూడండి.

ఇప్పుడు నివాళి వార్తలు. ఫొటోగ్రాఫర్ల విషయంలో మనకి దొరికే వివరమైన మూలం చాలాసార్లు ఇదొక్కటే. దీంతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, అది రాసేది ఆయన పనిచేసిన పత్రికే. ఇంకోటి, ఆ రాసే సబ్ ఎడిటర్ గంటలో రాయాలి, ఎక్కడ చూస్తాడు? మన దగ్గరే చూస్తాడు.

2009లో సంగీత దర్శకుడు మోరీస్ జార్ చనిపోయిన గంటల్లోనే డబ్లిన్‌లో ఒక విద్యార్థి ఆయన వికీపీడియా పేజీలో ఆయన అనని మాటలు రాసిపెట్టాడు. మూలం లేదని వికీపీడియా వాళ్లు తీసేశారు, మళ్లీ పెడితే మళ్లీ తీసేశారు. ఈలోపే పేరున్న పత్రికలు ఆ మాటల్ని నివాళి వార్తల్లో వేసేశాయి. నెల తర్వాత ఆ కుర్రాడే స్వయంగా చెప్పేదాకా పత్రికలు గమనించలేదు.

నాకూ జరిగింది. నా ఐదు వాక్యాల వ్యాసంలో ఆయన పుట్టిన ఊరు పేరులో ఒక వత్తు తప్పు పడింది. పూర్తిగా నా తప్పే. ఏడాది తర్వాత ఒక పత్రికలో ఆయన మీద జ్ఞాపకాల వ్యాసం వచ్చింది. అందులో ఆ ఊరు అదే వత్తు తప్పుతో ఉంది! ఇంకో వారానికి ఎవరో ఉత్సాహవంతుడు వచ్చి, నా వాక్యం పక్కన ఆ పత్రికని మూలంగా పెట్టి వెళ్లాడు. నా తప్పుకి నేనే సాక్షినయ్యాను. దాన్ని సరిచేయడానికి ఎంత అవస్థ పడ్డానో చెప్పలేను, ఎందుకంటే ఇప్పుడు తప్పుకి మూలం ఉంది, ఒప్పుకి లేదు. అప్పటి నుంచి నాకొక అలవాటు. కొత్తగా దొరికిన పత్రికా వ్యాసం తేదీని, మన పేజీ చరిత్రలో ఆ వాక్యం మొదట చేరిన తేదీతో పోల్చి చూస్తాను. మనది ముందుంటే ఆ మూలాన్ని పక్కన పెట్టేస్తాను.

ఫొటోగ్రాఫర్ సొంత మాటల సంగతి? సొంత వెబ్‌సైట్, ఆత్మకథ, ఇంటర్వ్యూ, ఎగ్జిబిషన్ సావనీర్‌లో పరిచయం. పుట్టిన తేదీ, చదువు లాంటి నిరపాయమైన వివరాలకి పర్వాలేదు. పొగడ్తలకి, మొట్టమొదటి, ఏకైక లాంటి మాటలకి పనికిరావు. 1944లో మిత్రదేశాల సేనలు ఫ్రాన్స్‌లో దిగిన రోజు నార్మండీ తీరంలో తీసిన ఫొటోలు 106 అనీ, డార్క్‌రూమ్‌లో కుర్రాడు వేడెక్కువ పెట్టడంతో ఫిల్మ్ మీది పూత కరిగిపోయి డజను కూడా మిగల్లేదనీ కాపా కథ దశాబ్దాల పాటు చెలామణి అయింది. 2014 నుంచి విమర్శకుడు ఏ.డి. కోల్‌మన్, ఆయనతో పనిచేసిన పరిశోధకులు దాన్ని విప్పి చూసి, ఫిల్మ్ అలా కరగదనీ, అసలు తీసిందే తక్కువై ఉండొచ్చనీ వాదించారు. ఆ రోజు లైఫ్ పత్రిక లండన్ ఆఫీసులో ఉన్న ఎడిటర్ జాన్ మోరిస్ కూడా ముసలితనంలో ఆ అవకాశాన్ని కాదనలేదు. కాపా అబద్ధాలకోరు అని నేననడం లేదు. తన జ్ఞాపకాల పుస్తకం అట్ట మీదే నిజాన్ని కాస్త అటూఇటూ జరిపానని ఆయనే సరదాగా చెప్పుకున్నాడు. మనం అది చదవకుండా లోపలి లెక్కలు ఎత్తి రాసుకున్నాం.

మూలం ఎలా రాయాలన్నది మీకు తెలిసిందే, మూసలో (టెంప్లేట్‌లో) గళ్లు నింపడమే. ఒక్కటే చెప్తాను. లింకు మూలం కాదు, మూలానికి దారి మాత్రమే. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తీస్తే, 2013 నాటి వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి లేవు. వాళ్లు చూసిన ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాల్లో సగానికి పైగా, 54 శాతం, కనీసం ఒక్క చచ్చిన లింకుతో ఉన్నాయి. ఈ-పేపర్ లింకులైతే మరీ అల్పాయుష్షు. అందుకే పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పేజీ, హెడ్డింగ్, రాసినవారి పేరు అన్నీ రాయండి. లింకు పోయినా లైబ్రరీకి వెళ్లి చూసుకోవచ్చు. లింకు పెట్టిన రోజే ఆ పేజీని వేబ్యాక్ మెషీన్లో భద్రపరిచి, ఆ భద్రపరిచిన లింకు కూడా జతచేయండి. రేపు చేద్దామనుకుంటే అయ్యే పని కాదు.

ఇక ఈ కాగితం ముక్క. అంచులు లేవన్నాను కదా. నెల రోజులు దీన్ని ముందువైపు నుంచే చదివాను. ఒకరోజు బల్ల మీద నుంచి కింద పడి బోర్లా పడింది. వెనకవైపు ఏముందో అప్పుడు చూశాను. సగానికి తెగిన టెస్ట్ మ్యాచ్ వార్త. రెండో రోజు ఆట ముగిసేసరికి స్కోరు ఇంత, నాటౌట్ బ్యాట్స్‌మన్ ఫలానా. పాత మ్యాచ్‌ల స్కోరు కార్డులు నెట్‌లో ఉన్నాయి కదా. అరగంటలో మ్యాచ్ దొరికింది, రెండో రోజు ఏ తేదీనో తెలిసింది. ఆ మర్నాటి పేపర్. లైబ్రరీలో ఆ నెల బైండింగ్ తెప్పించి నాలుగు పత్రికలు తిరగేస్తే మూడోదాంట్లో, ఏడో పేజీలో ఉంది ఈ వార్త. అదే మడత, అదే కాలమ్. నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

ఆ సంతోషం హెడ్డింగ్ చదివేదాకానే. వీళ్లు కత్తిరించేసిన ఆ హెడ్డింగ్‌లో 'మా ఫొటోగ్రాఫర్‌కు అవార్డు' అని ఉంది. 'మా' అంటే ఆ పత్రిక తన ఉద్యోగి గురించి తానే రాసుకున్న వార్త. ఒంట్లో సత్తువ పోయినట్టయింది. తేదీ దొరికింది, స్వతంత్రత పోయింది. అవార్డు ఏ తేదీన ప్రకటించారన్నదానికి దీన్ని వాడుకున్నాను. ప్రాముఖ్యత నిరూపించడానికి వాడుకోలేదు. ఇంట్లో వాళ్లకి ఈ సంగతి చెప్పడం చర్చా పేజీలో ఓడిపోవడం కన్నా కష్టమైంది. పాపం, వాళ్లు నన్ను అడిగింది ఒక్కటే: మరి ఇది నిజం కాదా? నిజమేనండీ. నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న, దీనితో సంబంధం లేనివాళ్లెవరైనా దీని గురించి రాశారా అన్నది ఇంకో ప్రశ్న. ఆ తేడా చెప్పడానికి నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? చెప్పండి.

(సభికుల్లో ఒకరు: ఆయన తీసిన ఫొటోలు వ్యాసంలో పెట్టుకోవచ్చా? ఇంట్లో వాళ్లు పెట్టుకోమన్నారు.)

మంచి ప్రశ్న. ఇంట్లో వాళ్లు పెట్టుకోమనడానికి ముందు ఆ హక్కు వాళ్లదేనా అన్నది చూడాలి. ఉద్యోగంలో ఉండగా పత్రిక కోసం తీసినవైతే హక్కు చాలాసార్లు పత్రికది. ఫ్రీలాన్సర్‌గా తీసినవైతే ఒప్పందాన్ని బట్టి. హక్కు నిజంగా వాళ్లదే అయితే, స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేస్తున్నామని వాళ్లే రాతపూర్వకంగా వికీపీడియా ఫొటోల భాండారమైన వికీమీడియా కామన్స్ వారికి ఈమెయిల్ పంపాలి, మీతో నోటిమాటగా అంటే చాలదు. ఇంకో తమాషా ఉంది. ఆ ఫొటోగ్రాఫర్ బొమ్మ పెట్టాలంటే, ఆ బొమ్మ హక్కు చాలాసార్లు ఆయనది కాదు, ఆయన్ని ఫొటో తీసినవారిది. జీవితమంతా ఫొటోలు తీసినాయనకి సొంత ఫొటో దొరకని వ్యాసాలు నేను చాలా చూశాను.

ఇంకెవరైనా? లేకపోతే పనిలోకి దిగుదాం. మీరు తెచ్చుకున్న కటింగులు బయటికి తీసి బల్ల మీద పరవండి. వెనకవైపు పైకి వచ్చేలా.